పైడిరాజు వేసిన తాళం

"మేష్టారూ, ఈ తాళం నిజంగా కాపాడుతుందంటారా?" అని మురహరి అడిగాడు. అడిగింది మృదంగం పాఠం మధ్యలో. వాడు అడిగిన తాళానికీ మృదంగానికీ మాత్రం ఏ సంబంధమూ లేదు.

మా గురువుగారు సన్యాసయ్య మేష్టారికి ఒక అలవాటుండేది. పాఠంలో పుట్టిన ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పేవారు. పాఠానికి బయట పుట్టినదాన్ని ఎవరైనా తెచ్చి ముందు పెడితే కసురుకునేవారు కాదు, తీసిపారేసేవారూ కాదు. "ఉండనీ నాయనా" అని మళ్లీ పాఠంలోకి వెళ్లిపోయేవారు. అడిగినవాడు మరిచిపోయిన ఏ నెలకో, ఏదో చిన్న సంఘటన జరిగినప్పుడు, జవాబు వచ్చి మీద పడేది. ఈ పద్ధతి నాకు మహా విసుగు. అడిగినప్పుడే చెబితే ఈయన సొమ్మేం పోయిందని లోలోపల సణుక్కునేవాణ్ణి. ఆ రోజు మురహరికి కూడా "ఉండనీ" అనే వచ్చింది, వాడి ముఖం చూస్తే ఆ మాట వాడికి ఏమాత్రం చాలలేదని తెలుస్తూనే ఉంది.

ముందు వాడి తాళం సంగతి చెప్పాలి. లాప్‌టాప్ పక్క అంచున చిన్న చీలిక ఒకటి ఉంటుంది చూడండి, అదెందుకో చాలామందికి తెలియదు. దానికోసమే అమ్మే ఉక్కుతీగ తాళం అది. తీగ ఒక కొసన ఉచ్చు ఉంటుంది, దాన్ని కదలనిదానికి దేనికైనా చుట్టి బిగించాలి. రెండో కొసనున్న తాళాన్ని చీలికలో పెట్టి నొక్కితే టక్కుమని పడుతుంది. వెయ్యడానికి చెవి అక్కర్లేదు, తియ్యడానికే కావాలి. మురహరి పగలంతా ఇంట్లోంచే విశాఖపట్నం కంపెనీ పని చేసుకుని, సాయంత్రం విజయనగరంలో మేష్టారింటికి పాఠానికి వచ్చేవాడు. పాఠం రికార్డు చెయ్యనంతసేపూ లాప్‌టాప్‌ను వీధిగదిలో కిటికీ ఊచకు కట్టేసేవాడు. కట్టాకే గురువుగారికి దణ్ణం. గేదెను రాటకు కట్టినట్టు కడుతున్నాడని తోటి శిష్యుడు పైడిరాజు వాణ్ణి ఏడిపించేవాడు.

ఏడిపించడానికి బాగానే ఉంటుంది గానీ, అందులో ఏముందో తెలిస్తే నవ్వు రాదు. మేష్టారికి పక్షవాతం తగిలి కుడిచెయ్యి పడిపోయింది. ఆయన గురువు వెంకటజోగయ్యగారు కూర్చిన ముక్తాయింపులన్నీ ఇప్పుడు ఆయన నోట్లోనే ఉన్నాయి. ముక్తాయింపు అంటే, కచేరీలో మృదంగం ఒంటరిగా చెలరేగాక, చివర్న మూడుసార్లు తిప్పి వాయించి, పాటను మళ్లీ గాయకుడికి అప్పజెప్పే జతుల కూర్పు. మేష్టారు వాటిని నోటితో చెబుతుంటే మురహరి రికార్డు చేసుకునేవాడు. ఊపిరి అందినంతవరకూ చెప్పేవారు, అందకపోతే ఆపేవారు. చెప్పినదాన్ని రెండోసారి చెప్పే ఓపిక ఆయనకు లేదు. ఆ గొంతూ ఆ లెక్కలూ సమస్తం ఆ ఒక్క లాప్‌టాప్‌లో ఉన్నాయి. ఇంకోచోట కూడా ఒక కాపీ దాచుకోరాదా అని నేనే అడిగాను. "దాస్తే అక్కణ్ణించి ఇంకెవడో ఎత్తుకుంటాడు. రేపు ఊరూరా అవే వాయిస్తారు" అన్నాడు. వాడి మీద నాకు కోపమూ వచ్చేది, జాలీ కలిగేది.

వాడి తోటి ఉద్యోగి లాప్‌టాప్ రైల్లో ఎవరో కొట్టేశారట. అప్పట్నించీ మురహరి కాలు కాలిన పిల్లి అయిపోయాడు. మొదట సన్నతీగ తాళం కొన్నాడు. అమ్మినవాడే "మంచి కట్టరుంటే ఎంతసేపండీ" అని నోరు జారాడు. వెళ్లి లావుతీగది కొన్నాడు. తీగ గట్టిదే గానీ చీలిక బలహీనమనీ, ఒడుపుగా గుంజితే అంచు ఊడి, వేసిన తాళం వేసినట్టే ఉండి లాప్‌టాప్ చేతికొచ్చేస్తుందనీ ఎవరో చెప్పారు. టేబుల్ కాలికి కడితే టేబుల్‌ను కాస్త ఎత్తి ఉచ్చు జార్చేస్తారని ఇంకెవరో చెప్పారు. విన్నదల్లా వాడి బుర్రలో ఇల్లు కట్టుకుంది. వాయిస్తూ వాయిస్తూ వీధిగది వైపు తిరిగి చూసేవాడు, కూర్చున్నచోట కుదురుగా ఉండేవాడు కాదు, వీధిలో సైకిలు గంట మోగితే లేవబోయేవాడు. ఒకనాడు మేష్టారు ఆపించి, "నీ చేతులు ఇక్కడున్నాయి, మెడ వీధిగదిలో ఉంది. రెంటినీ ఒకచోటికి తెచ్చుకుని మొదలుపెట్టు" అన్నారు. వాడు సిగ్గుపడ్డాడు, మొదలుపెట్టాడు, మళ్లీ చూశాడు.

ఆ ఏడు వెంకటజోగయ్యగారి పేరున ఒక కచేరీ పెట్టాం. మా వీధి రామమందిరంలోనే, సాయంత్రం పూట. పాడేది పార్వతీపురం నుంచి వచ్చిన గాయని, మృదంగం మురహరి. ఆ కబురు తెలిసి సాలూరు నుంచి సీతారత్నమ్మగారు మేష్టారికి ఫోను చేశారు. ఆవిడ వెంకటజోగయ్యగారి కూతురు. మేష్టారి కంటే పెద్దది, చిన్నప్పుడు ఆయనకు అన్నం పెట్టిన చెయ్యి. "తమ్ముడూ, నాన్నగారి ఖాళీ ముక్తాయింపు వాయిస్తాడా మీ కుర్రాడు? పోయేలోగా ఒక్కసారి చూడాలనుంది" అని అడిగారు. మేష్టారు మాట ఇచ్చారు. ఫోను పెట్టేశాక చాలాసేపు ఎడమచేత్తో కుడిచెయ్యి నిమురుకుంటూ కూర్చున్నారు.

ఆ ముక్తాయింపుకు ఆ పేరు ఎందుకొచ్చిందంటే, మొదటి రెండుసార్లూ మామూలుగానే నడుస్తుంది. మూడోసారి నడుమ చెయ్యి పైకి లేచి గాల్లో ఆగిపోతుంది. ఏమీ మోగదు. విన్నవాడు అయిపోయిందనుకుంటాడు. అప్పుడు మిగిలిన జతులు గబగబా వచ్చి సరిగ్గా పాట ఎత్తుకునే చోట పడతాయి. వెంకటజోగయ్యగారు చెయ్యి అలా ఆపినప్పుడు ముందు వరసలో కూర్చున్న కూతురి వంక చూసి కన్ను గీటేవారట. ఆవిడ కచేరీ అంతా ఆ క్షణం కోసమే నిద్ర ఆపుకుని కూర్చునేదట. ఆయన పోయాక అది మేష్టారు వాయించారు. మేష్టారి చెయ్యి పడిపోయాక ఎవరి చేతా మోగలేదు. మురహరి దాన్ని రికార్డులో విని విని, మేష్టారి ముందు వాయించి దిద్దించుకుని, చేతికి ఎక్కించుకున్నాడు. బాగా ఎక్కింది కూడా. పాఠం గదిలో వాడు మొదటిసారి తప్పులేకుండా వాయించిననాడు మేష్టారి కళ్లు చెమర్చడం నేను చూశాను.

కచేరీని కూడా రికార్డు చెయ్యాలని మురహరి లాప్‌టాప్ తెచ్చాడు. వేదిక పక్కన చిన్న గది, దాంట్లో కిటికీ దగ్గర బల్ల. వేదిక మీద మృదంగం దగ్గర కూర్చుంటే గుమ్మంలోంచి ఆ బల్ల సగం కనబడుతుంది. చోటు ఎంచుకోవడంలోనే వాడి బెంగంతా ఉంది. ఉచ్చు కిటికీ ఊచకు బిగించాడు. తాళాన్ని చీలికలో ఆనించాడు గానీ నొక్కలేదు, ఎందుకంటే మైకు సెట్టతను తన వైరు తగిలించడానికి లాప్‌టాప్‌ను అటూ ఇటూ తిప్పాలన్నాడు. ఇంతలో గాయని శ్రుతి చూసుకుంటూ కూర్చుంది, సభవాళ్లు రమ్మని తొందరపెట్టారు. మురహరి వేదిక మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి, జనంలో నిలబడ్డ పైడిరాజును కేకేశాడు.

"పైడిరాజూ! తాళం వెయ్యి. మర్చిపోకు, నీ మీదే వదిలేశాను."

"నానుండగా నీకేటి బెంగ? ఎల్లు, ఎల్లు" అన్నాడు పైడిరాజు.

నేను తంబురా పట్టుకుని గాయని వెనక కూర్చున్నాను. మేష్టారు కింద ముందు వరసలో కుర్చీలో, పక్కన సీతారత్నమ్మగారు. వారి పక్కనే నేల మీద, మురహరికి సరిగ్గా ఎదురుగా, పైడిరాజు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కచేరీ చక్కగా సాగింది. మురహరి మెడ కూడా ఆ రోజు చాలావరకు నిలకడగానే ఉంది, పని ఒకరికి అప్పజెప్పినవాడి నిశ్చింత కాబోలు. ప్రధాన కీర్తన అయ్యాక గాయని మృదంగానికి వదిలింది. మురహరి ఒంటరిగా అందుకున్నాడు. నెమ్మదిగా మొదలుపెట్టి, నడక మార్చి, మళ్లీ మార్చి, జనం ముందుకు వంగేలా వాయించాడు. ఆ మధ్యలో ఒకసారి తలెత్తి పైడిరాజు వంక చూశాడు.

పైడిరాజు తాళం వేస్తున్నాడు. తొడ మీద దెబ్బ, వేళ్ల లెక్క, మళ్లీ దెబ్బ, చేతి విసురు. కచేరీ మొదలైనప్పట్నించీ అదే పనిలో ఉన్నాడు. శిష్యుల్లో మృదంగం ఎవరు వాయించినా ఎదురుగా కూర్చుని తాళం వేసేది వాడే, ఆ పని వాడి సొంతం. మురహరి చూపు ఆ చేతి మీద ఆగిపోయింది. తను వెయ్యమన్న తాళం ఏదో, ఈ మహానుభావుడు వేస్తున్న తాళం ఏదో వాడికి అప్పుడు తట్టింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. చేతులు రెండూ మృదంగం మీద ఉన్నాయి, నోరెత్తడానికి లేదు. కనుబొమలు ఎగరేసి గది వైపు చూపించాడు. పైడిరాజు అది తనకు మెచ్చుకోలు అనుకున్నాడు. ముఖం విప్పార్చుకుని ఇంకా గట్టిగా తొడ చరుస్తూ తాళం వెయ్యసాగాడు.

సరిగ్గా అప్పుడే గదిలో చారల చొక్కా మనిషి ఒకడు బల్ల మీదికి వంగాడు. నేను కూర్చున్న వైపుకు బల్ల మొత్తం కనబడుతోంది. మైకు సెట్టు తాలూకు మనిషేమో అనుకున్నాను. వాడు తీగను వేలితో తడిమాడు, దాని వెంట కిటికీ ఊచదాకా చూశాడు, వదిలేసి బల్ల మీద ఇంకేదో అందుకుని వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయాడు. మురహరికి ఇదంతా కనబడదు. వాడికి కనబడింది వంగిన వీపు ఒక్కటే, ఆపైన ఎవరో అడ్డొచ్చారు. వాడి గుండె జారిపోవడం నాకు మృదంగంలో వినబడింది.

అప్పటికే ముక్తాయింపు మొదలుపెట్టేశాడు. ఒకసారి తిప్పాడు. రెండోసారి తిప్పాడు, వేగం కొంచెం పెరిగింది. సీతారత్నమ్మగారు వేళ్లు లెక్కపెట్టుకుంటూ, కుర్చీలో ముందుకు జరిగి, చిన్నపిల్లలా నోరు కొద్దిగా తెరిచి చూస్తున్నారు. మూడోసారి రాలేదు. మురహరి దాన్ని సాదా నడకలో కలిపేసి, ఎలాగోలా లెక్క సరిపెట్టి, గాయనికి తల ఊపాడు. చెయ్యి తిరిగినవాడు కదా, జనంలో ఎవరికీ తెలియలేదు. గాయని పాట ఎత్తుకుంది, చప్పట్లు మారుమోగాయి. సీతారత్నమ్మగారి చెయ్యి మాత్రం లెక్క మధ్యలో అలా ఉండిపోయింది. మేష్టారు కళ్లు తెరిచి మురహరిని ఒకసారి చూసి, మళ్లీ మూసుకున్నారు.

కీర్తన ముగిసీ ముగియగానే మురహరి మృదంగం పక్కన దొర్లించి గదిలోకి పరుగెత్తాడు. గాయని మంగళం పాడాల్సింది ఆపి బిత్తరపోయి చూసింది. గదిలో లాప్‌టాప్ ఉంది. తాళం చీలికలో ఎలా ఆనించాడో అలాగే ఉంది. వాడు దాన్ని బొటనవేలితో నొక్కితే అప్పుడు పడింది టక్కుమని. బల్ల మీద సభవాళ్ల శ్రుతిపెట్టె ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. మురహరి తిరిగొచ్చి మంగళానికి వాయించాడు, ఒళ్లంతా చెమటతో, పెదాల మీద నవ్వుతో.

జనం లేస్తుండగా వాడు పైడిరాజు భుజం పట్టి ఊపేశాడు. "తాళం వెయ్యమంటే ఏం చేశావురా?"

"ఏసాను కదేటి! మొదట్నించి చివరిదాకా ఏసాను. ఒక్క దెబ్బ తప్పిందేమో మేష్టార్నడుగు" అన్నాడు పైడిరాజు, నిజంగానే నొచ్చుకుంటూ.

చుట్టూ ఉన్నవాళ్లం నవ్వాపుకోలేకపోయాం. మురహరి కూడా నవ్వేశాడు. పోయిందనుకున్న ప్రాణం తిరిగొచ్చినవాడికి కోపం ఎంతసేపుంటుంది? లాప్‌టాప్‌ను ఊచ నుంచి విప్పి తెచ్చి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకుని, మేష్టారి కుర్చీ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"మేష్టారూ, దొంగ నిజంగానే వచ్చాడు. శ్రుతిపెట్టె పట్టుకుపోయాడు, దీన్ని ముట్టుకోలేదు. నొక్కనైనా నొక్కలేదండీ, ఊరికే ఆనించి ఉంది. వెయ్యని తాళమే ఇంత కాపాడితే, వేసింది ఇంకెంత కాపాడుతుంది! ఆ రోజు మిమ్మల్ని అడిగాను కదా, మీరు చెప్పలేదు."

పక్కనున్న సీతారత్నమ్మగారు లేచి, కుర్చీ పట్టుకుని నిలదొక్కుకుని, మురహరి తల మీద చెయ్యి వేశారు.

"బాగా వాయించావు బాబూ. నాన్నగారి చెయ్యే చూసినట్టుంది. ఆ మూడోసారిది నాకే అందలేదేమో. పెద్దదాన్నయిపోయాను, ఏది విన్నానో ఏది వినలేదో నాకే తెలియడం లేదు."

మురహరి నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. "అది... అది దీంట్లో ఉందండీ. మేష్టారి గొంతుతో ఉంది. ఇప్పుడే వినిపిస్తాను" అంటూ లాప్‌టాప్ మూత తెరవబోయాడు.

"వద్దులే నాయనా. ఆ ఖాళీలో వినడానికేముంది? చెయ్యి ఆగితే చూద్దామని వచ్చాను" అన్నారావిడ. ఆ మాటలో నిష్ఠూరం లేదు. నిష్ఠూరం ఉంటే వాడికి కాస్త సులువుగా ఉండేది. సాలూరు బస్సుకు వేళవుతోందని, తోడొచ్చిన మనవరాలు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. ఆవిడ మెట్లు దిగుతూ తన వేళ్లను తనే ఒకసారి చూసుకున్నారు.

మురహరి లాప్‌టాప్‌ను నేల మీద పెట్టేశాడు. నేను వాణ్ణి ఎరిగినన్నాళ్లలో దాన్ని దేనికీ కట్టకుండా కింద పెట్టడం అదే మొదటిసారి చూడటం. ఆవిడ వెళ్లిన వైపే చూస్తూ, వెళ్లి మళ్లీ పిలవాలా అన్నట్టు లేవబోయి, కూర్చుని, మళ్లీ లేవబోయాడు. మేష్టారు ఎడమచేత్తో వాడి భుజం నొక్కి కూర్చోబెట్టారు. తరవాత నా వైపు తిరిగి, "గదిలోకి వచ్చినవాణ్ణి నువ్వు చూశావు కదూ? ఎలా ఉన్నాడు?" అని అడిగారు.

"తొందరలో ఉన్నాడండీ. తీగను తడిమి చూసి వదిలేశాడు" అన్నాను.

మేష్టారు తల పంకించి, మురహరితో అన్నారు:

"తాళం ఉన్నది తొందరపడేవాణ్ణి ఆపడానికే నాయనా. ఇవాళ తొందరపడ్డవాళ్లు ఇద్దరు. ఒకణ్ణే ఆపగలిగింది."